సిల్వర్‌మూన్‌లో ఆఖరి ఆట

ముందు కత్తెర చప్పుడు. వరండా జాలీ తలుపు వెనక, తీరిగ్గా, వాన వెలిశాక చూరు నుంచి రాలే చుక్కల్లా. ఆ తర్వాత మిస్ వెర్నెల్ టగుల్ గొంతు: "తోసుకుని రా బంగారం, గొళ్ళెం దొంగలకి, నీకు కాదు."

ఎనభై మూడేళ్ళ మనిషి. ఒళ్ళో బొంత కుట్టడానికి రంగు గుడ్డలు. పక్క కుర్చీలో మా చర్చి పెద్ద పర్విస్.

ఒకప్పుడు మా పేటలో నల్లవాళ్ళకున్న ఒకే ఒక్క సినిమా హాలు సిల్వర్‌మూన్. ఇరవయ్యో ఏట నుంచి అందులో ప్రొజెక్టర్ నడిపింది ఈమే. ఊరి మధ్య, మమ్మల్ని రానివ్వని తెల్లవాళ్ళ హాల్లో ఆడి, అరిగి, గీతలు పడ్డాకే సినిమా మాకొచ్చేది. నల్ల గాయని పాడే ముక్కను వాళ్ళు కత్తిరించి, కాగితంలో చుట్టి, డబ్బా అడుగున పడేసేవారు. వెర్నెల్ దాన్ని మళ్ళీ అతికించేది. అన్నాళ్ళూ చీకట్లో ముడుచుకుని పడుకున్న పాట మా పేటలో లేచి ఒళ్ళు విరుచుకునేది.

"ఒకసారి తప్పు చోట అతికించిందిలే," అన్నాడు పర్విస్. "సినిమాలో శవపేటికని గోతిలోకి దింపుతుంటే, పట్టుగౌనులో ఆ గాయని ఊడిపడి పాట ఎత్తుకుంది!"

"లేచి చప్పట్లు కొట్టింది నువ్వే కదయ్యా?"

"కొట్టనా మరి? నా చావుకీ అలాంటి పాటే కావాలన్నాను."

"నీ చావుకి పాట దండగ. పక్కన కోడి వేయిస్తే చాలు, లేచి కూర్చుంటావు."

జనం అడిగారని ఆ వారమంతా అలాగే ఆడించిందట.

అరవై ఏడులో పెద్ద రోడ్డు వచ్చింది, హాలు పోయింది. ఇప్పుడక్కడ వంతెన నీడ మాత్రం ఉంది. ఆ నీడలో హాలు పేరిట ఒక ఫలకం పెట్టించమని ఆమె పదకొండేళ్ళుగా ఉత్తరాలు రాస్తూనే ఉంది. చివరికి నగర కమిటీ ఒప్పుకుంది. ఫలకం మీద వేసే మాటలకి ఆమె సంతకం కావాలని వాళ్ళు నా చేత పంపిన కాగితం చదివి వినిపించాను: "ప్రేక్షకులు తగ్గి, పాడుబడినందున ఈ హాలును తొలగించారు."

"మళ్ళీ చదువు."

చదివాను.

"సంతకం పెట్టెయ్ వెర్నెల్," అన్నాడు పర్విస్ మెల్లగా. "ఒక్క మాట మార్చమన్నా మొత్తానికే మానేస్తారట. ఇంకెన్నాళ్ళుంటాం మనం? పేరైనా మిగులుతుంది."

ఆమె కత్తెర పక్కన పెట్టింది. దూరంగా వంతెన మీద లారీల హోరు, కనబడని ఏరులా.

ఆఖరి రోజు సంగతి అప్పుడు చెప్పింది. బయట కూల్చేవాళ్ళ యంత్రం గుడగుడమంటూ కాచుకుని ఉంది. లోపల గోడల వెంట కూడా జనం. సినిమా అయిపోయినా ఎవరూ లేవలేదు. ఆఖరి రీలు వెనక్కి చుట్టి మళ్ళీ వేసింది. మళ్ళీ లేవలేదు. మూడోసారీ వేసింది.

కాగితం తీసుకుని మడిచి, సంతకం లేకుండానే తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఫలకం పెట్టకపోతే మానెయ్యమను బంగారం. ప్రొజెక్టర్ గది కిటికీలోంచి నేను చూశాను, ఆ రోజు ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ఆ మాట వేస్తేనే సంతకం పెడతానని చెప్పు."