మాటకు తోక

వుర్యాని టీచరు గొంతు గట్టిది. బడి కింద బంగాళాదుంప మడుల్లో కలుపు తీసే ఆడవాళ్ళు ఆ గొంతు విని ఇప్పుడు లెక్కలు నడుస్తున్నాయో, సైన్సు నడుస్తోందో చెప్పేవారు. జావా దీవిలోని వొనొసోబో పైకొండల్లో మధ్యాహ్నానికే మబ్బు దిగి బడి కనబడకుండా పోయేది గానీ, ఆమె పాఠం మాత్రం వినబడుతూనే ఉండేది.

ఆ గొంతు తల్లి దగ్గర నుంచి వచ్చింది. తల్లి బస్సులు ఆగే చోట సోయాగింజల టెంపె బిళ్ళలు వేడివేడిగా వేపి అమ్మేది. కూతురు పక్కన నిలబడి కేకేసేది. బడిలోనూ అంతే. ఆ రోజుల్లో టీచర్లు సగం మాట అని ఆపితే, పిల్లలు మిగతా సగం అందుకోవాలి. అందరికంటే ముందు అందుకునేది వుర్యానియే. తాను టీచరయ్యాక ఆమెకు తెలిసిన పాఠం చెప్పే తీరూ అదే.

"నీళ్ళు బాగా చల్లబడితే గడ్డ...?"

"...కడతాయి!"

తరగతంతా ఒక్క గొంతుతో అరిస్తే రేకులు అదిరేవి. బడి చూడడానికి ఎవరొచ్చినా హెడ్మాస్టరు మొదట ఆమె తరగతికే తీసుకొచ్చేవాడు. మూగ గోడల చేత కూడా మాట్లాడించగలదని ఆమెకు పేరు.

నలభై దాటాక, పై హోదా రావాలంటే పై చదువు ఉండాలన్నారని, పుర్వొకెర్తో పట్నంలో శనాదివారాల ఎమ్మేలో చేరింది. భర్త పేరు సార్జితో. దియెంగ్ కొండదారిలో మినీబస్సు నడుపుతాడు. శనివారం తెల్లారి మొదటి బస్సుకి ఆమెను అందించి తన ట్రిప్పుకి వెళ్ళేవాడు. వ్యాకరణమో, వ్యాసాలో రాయిస్తారని ఆమె అనుకుంది. గైడు మహర్షి మేడమ్ మాత్రం చిత్రమైన పని అప్పగించింది. నీ తరగతిని నువ్వే రికార్డు చేసుకో, ఎవరు ఏమన్నారో, ఎక్కడ ఆగారో, ఎవరి మాట మీద ఎవరు పడ్డారో ఉన్నదున్నట్టు రాసుకురా అంది. తరగతిలో మాట ఎటు నుంచి ఎటు పోతుందో, వంతు ఎవరికొస్తుందో, ఎవరికి రాదో చూసే చదువట అది. సంభాషణ విశ్లేషణ అని దానికో పెద్ద పేరు.

వుర్యాని తన ఫోను వెనక కిటికీ గట్టు మీద పెట్టి పాఠం చెప్పింది. సాయంత్రం వంటింట్లో కూర్చుని వింటూ రాయడం మొదలుపెట్టింది. మొదట తన గొంతు తనకే నచ్చలేదు. కాసేపటికి ఆ సంగతి మరిచిపోయింది. ఆమె మాటలు పేజీలకు పేజీలు పారుతున్నాయి. పిల్లల వంతు వచ్చేసరికి "కడతాయి", "తుంది", "అవును టీచర్". అంతే. ఒక్క పిల్లాడైనా ఒక్క పూర్తి వాక్యం అనలేదు. తాను పారేసిన మాటల తోకలు పట్టుకోవడమే వాళ్ళ పని.

పక్కన అన్నం తింటున్న సార్జితో నవ్వాడు. "ఇందులో కొత్తేముంది? మనింట్లోనూ తల నీది, తోక నాది."

ఆమెకు నవ్వు రాలేదు. ఎందుకంటే అప్పుడే ఇంకో గొంతు వినబడింది. ఫోనుకు దగ్గరగా, చాలా మెల్లగా, ఇంట్లో మాట్లాడే జావా మాటలో ఎవరో అన్నారు: "మరి మా మడిలోనే ఎందుకు పడింది? బాబాయి మడి పైనే కదా ఉంది, అక్కడ పడలేదు."

ఆ వెంటనే ఆమె గొంతే ఉరిమింది. "వెనక ఎవరది గుసగుసలు? చేతులు కట్టుకోండి."

ఆ గొంతు వెనింగ్‌ది. చివరి బల్లలో కిటికీ పక్క కూర్చునే పిల్ల. ఆ పిల్ల రిపోర్టులో 'మాటలో వెనకబాటు' అని రెండేళ్ళుగా రాస్తున్నది వుర్యానియే. కిందటి జూలైలో కొండల మీద విషమంచు పడింది. ఒక్క తెల్లవారికి బంగాళాదుంప ఆకు నల్లగా మాడిపోయింది. ఆ పిల్ల అడిగింది దాని గురించి. నీళ్ళు గడ్డకట్టే పాఠానికి అంతకన్నా అసలైన ప్రశ్న లేదు. దానికి జవాబు వుర్యానికి తెలియదు కూడా.

ఆ రికార్డింగు తీసేసి ఇంకోటి చేసుకొస్తానని మహర్షి మేడమ్‌ని అడిగింది.

"చేసుకోవచ్చమ్మా," అంది మేడమ్. "కానీ ఈసారి నువ్వు ముస్తాబై వస్తావు. ముస్తాబు మాటలు నాకెందుకు?"

"ఆ పిల్ల పైకి ఎందుకు అడగలేదంటారు?"

"నన్నడిగితే నేనేం చెప్తాను? ఆ పిల్లనే అడుగు."

వుర్యాని అడిగింది. వెనింగ్ బల్ల మీద గోటితో గీస్తూ చెప్పింది. పుస్తకంలో ఉండే ఇండోనేషియా భాషలో ఆ ప్రశ్న ఎలా కూర్చాలో తనకు తెలియలేదు. జావాలో అడుగుదామంటే టీచరుతో పెద్దల మాట వాడాలి. తినడం, వెళ్ళడం, ఇల్లు, అన్నింటికీ అందులో మాటలు వేరు. అవి తనకు సగమే వచ్చు, తప్పు పలికితే నవ్వుతారు. ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడితే... ఆ పిల్ల తల ఇంకా వంచేసింది. "మిమ్మల్ని నువ్వు అన్నట్టవుద్ది టీచర్."

ఆ రాత్రి వుర్యాని సరిగ్గా తినలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మంచిగా ఉంచుకోవాలన్న భయంతో ఒక పిల్ల నోరే కట్టేసుకుంది.

మరునాడు తరగతిలో చెప్పింది. ఈ గడప లోపల ఏ భాషలో మాట్లాడినా, ఏ మాటతో మాట్లాడినా తప్పు లేదు. గడప దాటాక మాత్రం ఎప్పటి మర్యాద అప్పుడే. పిల్లలకు అదో ఆటయింది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ఒకే వాక్యాన్ని రెండు రకాలుగా అని నవ్వుకునేవారు. అంతకన్నా కష్టమైంది ఆమె పని. ప్రశ్న అడిగి, ఆగడం. ఆగితే తరగతి వాన వెలిసినట్టయ్యేది. సగం మాట ఎప్పుడు పడుతుందా అని పిల్లలు ఆమె నోటి వంక చూసేవారు. ఆమె నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చునేది.

నాలుగైదు రోజులకు వెనింగ్ తన ప్రశ్న పైకి అడిగింది. నాకు తెలియదు, మీరేమంటారని వుర్యాని అంది. ఒకడు దేవుడి కోపమన్నాడు, ఒకతె గాలి అంది. వాదులాడి వాదులాడి చివరికి ఒక తెల్లవారుజామున అందరూ వెనింగ్ వాళ్ళ మడికి వెళ్ళి, పై వాలులో తడిగడ్డి రాజేశారు. పొగ పైకి పోలేదు. వాలు వెంట మెల్లగా జారి, పల్లంలో ఉన్న వెనింగ్ వాళ్ళ మడిలో చెరువులా నిలిచింది.

"చలి కూడా పల్లానికే పారుద్దన్నమాట," అంది వెనింగ్.

ఆ వారమే వెనింగ్ తాత త్రునో బడికొచ్చాడు. బాతిక్ అద్దకం తలగుడ్డ కట్టుకుని, తగాదాకే వచ్చాడు.

"టీచరమ్మా, నా మనవరాలు మిమ్మల్ని పట్టుకుని నువ్వు అంటోందట. నిజమేనా?"

"నిజమే తాతగారూ. అనమన్నది నేనే."

"నేర్పాల్సినవాళ్ళే చెడగొడితే మేం ఎవరితో మొరపెట్టుకోవాలి?"

వుర్యాని ఆయనను కూర్చోబెట్టి, తనకు వచ్చిన అత్యంత మర్యాద మాటలో అడిగింది. "ఇంట్లో అమ్మాయిగారు మాట్లాడతారాండీ?"

"అదా? దాని నోటికి మూతే లేదు. నిద్దట్లో కూడా వాగుద్ది."

"రెండేళ్ళుగా నా ఎదుట కూర్చుంటున్నారండీ. ఆ గొంతు నేను మొన్నే విన్నాను."

ముసలాయన తలగుడ్డ సర్దుకున్నాడు. ఆయనకు నచ్చలేదని ముఖంలో తెలుస్తూనే ఉంది. లేచి వెళ్తూ, గడప దాటాక ఒక్క మాట తేడా వచ్చినా ఊరుకోనన్నాడు. తర్వాత కూడా దారిలో కనబడితే ఆయన ఆమెను మనస్ఫూర్తిగా పలకరించింది లేదు. ఆ పట్టింపులో ఆయన తప్పేమీ లేదని వుర్యాని అనుకునేది.

అసలు దెబ్బ ఇంకోవైపు నుంచి వచ్చింది. పై హోదా కోసం ఆమె పాఠం చూడడానికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వుర్యాని ప్రశ్న అడిగి ఆగింది. పిల్లలు ఆలోచిస్తున్నారు. ఇన్‌స్పెక్టరు దగ్గాడు, గడియారం చూసుకున్నాడు, కుర్చీలో కదిలాడు. చివరికి ఉండబట్టలేక జవాబు తనే చెప్పేశాడు. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తరగతి మీద పట్టు లేదు, పిల్లల్లో చురుకు లేదు, వాడే భాష సరిగా లేదు అని రాసి వెళ్ళాడు. హోదా ఆగిపోయింది. హెడ్మాస్టరు ఆమెను పిలిచి, "బంగారం లాంటి తరగతి, ఏం చేసుకున్నావమ్మా," అని నొచ్చుకున్నాడు.

వుర్యాని ఇంటికెళ్ళి ఏడ్చింది. తర్వాత కొన్నాళ్ళు పాత పద్ధతికే వెళ్ళిపోయింది. తోకలు మళ్ళీ రేకులు అదిరేలా వినబడ్డాయి. అది ఎంత హాయిగా ఉందో ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆలోచించనక్కర్లేదు, భయపడనక్కర్లేదు. సార్జితో బస్సు కడుగుతూ అడిగాడు. "ఈమధ్య బడి కబుర్లు చెప్పట్లేదేం? నిన్నటిదాకా ఆ పిల్ల ఇలా అంది, ఈ పిల్లాడు అలా అన్నాడని చంపేశావుగా."

చెప్పడానికి ఏమీ లేదని అప్పుడు తట్టింది. ఆమె తరగతిలో ఆమె తప్ప ఎవరూ ఏమీ అనడం లేదు.

ఆ సోమవారం ప్రశ్న అడిగి, మళ్ళీ ఆగింది.

ఎమ్మే పూర్తయింది. గొప్ప మార్కులేం రాలేదు. హోదా మాత్రం రెండోసారి, వేరే ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు దక్కింది. చుట్టుపక్కల టీచర్ల సమావేశంలో ఒకసారి తన మొదటి రికార్డింగు వినిపించింది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక ఒకామె వచ్చి, మా తరగతిలో కూడా ఫోను పెట్టి చూద్దామా అని గుసగుసగా అడిగింది.

వెనింగ్ కింది ఊళ్ళో హైస్కూలుకెళ్ళింది. సంతలో ఒకనాడు అక్కడి సైన్సు టీచరు వుర్యానిని ఆపి ఫిర్యాదు చేసింది.

"మీ పిల్లతో పాఠం ముందుకు సాగట్లేదక్కా. ఊరికే ఎందుకు, ఎందుకు అంటుంది. రెండేళ్ళు మీ దగ్గర నోరే మెదపలేదన్నారే?"

"నేనే మెదపనివ్వలేదు," అంది వుర్యాని. "కొంచెం ఓపిక పట్టు చెల్లీ. అడగనీ."

ఆ టీచరు పెదవి విరిచి, క్యాబేజీలు బేరమాడడానికి పోయింది. వుర్యాని సంచీ భుజాన వేసుకుని బస్సు దగ్గరికి నడిచింది. సార్జితో స్టీరింగు ముందు కూర్చుని, ఎందుకు నవ్వుకుంటున్నావని అడిగాడు. ఆమె దారి పొడుగునా చెప్తూనే ఉంది.