ఇంటికి పోయే చొక్కా

అమ్మ పోయాక ఏటా ఆమె తిథినాడు ఎక్కడో ఒకచోట పదిమందికి అన్నం పెట్టించడం నాకు అలవాటు. డబ్బు పంపడం, వాళ్ళు పంపిన ఫోటో చూసుకోవడం, అంతటితో సరి. ఈసారి అనంతపురం పక్కన రాప్తాడులో, రోడ్ల మీద బతికేవాళ్ళను చేరదీసే చిన్న క్రైస్తవ ఆశ్రమం ఉందని స్నేహితురాలు నంబరిచ్చింది. ఫోనెత్తిన అక్కడి పాస్టరుగారి భార్య ఎస్తేరమ్మ నన్ను మాట పూర్తి చేయనివ్వలేదు. "దుడ్లు తర్వాత చూద్దాంలే అక్కా. బుధవారం ఒక పెద్దాయన్ను ఇంటికి తోడుకొని పోతాండాం. బండిలో చోటుండాది, వస్తారా?" అంది. ఊరికి వెళ్ళాలంటే నెల ముందు నుంచీ ప్లాను వేసుకునే మనిషిని, ఎందుకు సరేనన్నానో ఇప్పటికీ తెలీదు.

విజయవాడలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి అనంతపురంలో దిగాను. స్టేషన్ బయట బండి దగ్గర మరమరాలతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జి నలభై రూపాయలు. బజ్జి కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటుంటే బండాయన, "ఏమక్కా, కోస్తా నుంచా?" అని నవ్వాడు. అక్కడి నుంచి రాప్తాడుకు షేర్ ఆటోలో ముప్ఫై. హైవే దాటగానే ఎర్రమట్టి, రాళ్ళ గుట్టలు, వాన కోసం దున్ని పెట్టుకున్న చేలు. కాలవ గట్ల మీద పెరిగిన నాకు, ఇంత ఆకాశమూ ఇంత తక్కువ నీడా ఒకేచోట చూడటం కొత్త.

ఆశ్రమం అంటే రోడ్డు వారగా ఒక ప్రార్థన గది, వెనక రేకుల కప్పుతో పొడవాటి రెండు గదులు. ఇంటికి పోవాల్సిన పెద్దాయన ఎర్రిస్వామి అప్పటికే స్నానం చేసి, గడ్డం గీయించుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వానల్లేక శెనక్కాయ పంట ఎండిపోయిన ఏడు బెంగళూరుకు కూలికి వెళ్ళాడట. అక్కడ తలకు దెబ్బ తగిలి, పేరూ ఊరూ మరిచిపోయి, ఎక్కడెక్కడో తిరిగి అనంతపురం స్టేషన్లో తేలాడు. ఎస్తేరమ్మ వాళ్ళు తెచ్చుకుని మందులిప్పించారు. ఈమధ్యే ఉరవకొండ దగ్గరి తన పల్లె పేరు, భార్య ఓబులమ్మ పేరు నోటికొచ్చాయి.

బయల్దేరే ముందు ఎస్తేరమ్మ ఒక రేకు ట్రంకు పెట్టె తెరిచింది. నిండా కొత్త చొక్కాలు, పంచెలు, చీరలు, మడత విప్పనివి. ఆశ్రమానికి ఎవరొచ్చినా మొదటి వారంలోనే వాళ్ళ కొలతకు ఒక కొత్త జత కొని అందులో దాచిపెడతారట. "ఇది నీకు ఇంటికి పోయే చొక్కా అని చూపించి పెడతాం. ఇల్లు గుర్తులేనోళ్ళకు గూడా," అంది. ఎర్రిస్వామి తన తెల్ల చొక్కా వేసుకుని బొత్తాలు పైనుంచి కిందికి రెండుసార్లు తడుముకున్నాడు.

డ్రైవర్ బాషా పెట్రోలు డబ్బులు మాత్రమే తీసుకుంటాడు. (మీరు బస్సులో వెళ్ళాలంటే అనంతపురం నుంచి ఉరవకొండకు వంద లోపే, గంటన్నర పడుతుంది.) దారి పొడవునా ఎస్తేరమ్మకు పెద్దాయనది ఒకటే ప్రశ్న. "పాపా, రానిస్తాదంటావా?" ఉరవకొండ బజారులో ఎస్తేరమ్మ బండి ఆపించి నన్ను వెంటబెట్టుకుని గాజుల అంగడికి వెళ్ళింది. అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఊళ్ళో కిరాణా కొట్టాయనకు ఫోన్ చేస్తే, ఎర్రిస్వామి చనిపోయాడనుకుని ఇంట్లో దినాలు కూడా చేసేశారని తెలిసిందట. బతికే ఉన్నాడన్న కబురు వినగానే ఓబులమ్మ తలుపేసుకుందట. బొట్టూ గాజులూ లేని ఎస్తేరమ్మ, డజను పచ్చగాజులూ కుంకుమ పొట్లమూ కొని సంచిలో పెట్టుకుంది. "తీసుకుంటాదో లేదో. మనమైతే తీసుకుపోదాం," అంది.

గాలిమరల మధ్యగా వెళ్ళే మట్టిరోడ్డులో పల్లె చేరేసరికి పన్నెండు దాటింది. వీధిలో జనం. ఇంటి తలుపు తీసే ఉంది. ఎర్రిస్వామి వాకిట్లో ఆగిపోయాడు. ఒక ముసలాయన అడ్డం వచ్చి, "దినాలు చేసిన మనిషప్పా, గుడి పూజారిని అడక్కుండా లోపలికి రానీకూడదు," అన్నాడు.

నుదుట బొట్టు లేకుండా సన్నటి మనిషి చెంబుతో బయటికొచ్చింది. "సచ్చినాడని మీరు చెప్తే ఏడిస్తి. బతికినాడని నా కండ్లు చెప్తాండాయి. ఇంగ ఎవుర్ని అడగల్ల?" అంది ఆయనతో. తర్వాత భర్త వైపు తిరిగింది.

"రావచ్చునా?" అన్నాడు ఎర్రిస్వామి.

"నీ ఇంట్లోకి వచ్చేకి నన్నడుగుతావేమయ్యా!" అని ఓబులమ్మ ఆయన కాళ్ళ మీద నీళ్ళు పోసి, పోస్తూనే భోరుమంది. వీధి వీధంతా ఏడ్చింది. బాషా కూడా ఏడ్చాడు, నా సంగతి సరేసరి.

గాజులు చూసి ఓబులమ్మ రెండు చేతులూ చాచింది. పక్కింటావిడ ముందుకొస్తే వద్దంది. "నువ్వే ఎయ్యి పాపా. తోడుకొచ్చింది నువ్వే గదా." ఎస్తేరమ్మ ఒక్కో గాజూ ఎక్కించింది. సంగటి, శెనక్కాయల చట్నీ తిని మేం లేస్తుంటే, ఓబులమ్మ నాకు బొట్టు పెట్టి ఎస్తేరమ్మ దగ్గరికి వచ్చి, కుంకుమ వేలితో అలాగే ఆగింది. "మీరు పెట్టుకోరు గదమ్మా," అని చెయ్యి తుడుచుకుని లోపలికి వెళ్ళింది. చాటెడు శెనక్కాయలు తెచ్చి ఎస్తేరమ్మ కొంగు పట్టించి ఒడి నింపింది.

తిరుగు దారిలో ఎస్తేరమ్మ ఆ ఒడి విప్పలేదు. నేను అమ్మ గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. పోయిన అమ్మ ఎటూ రాదు. కానీ పోయారనుకున్నవాళ్ళ కోసం ఎక్కడో ఒక వాకిలి ఎదురుచూస్తూ ఉంటుందని, అక్కడిదాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళు ఉంటే చాలని అనిపించింది. ఈసారి ఫోటో ఒక్కటి కూడా తీయలేదు.

ఆశ్రమానికి వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. అన్నం పెట్టేవాళ్ళు పండగలకు చాలామందే వస్తారు, పాత బట్టలు మూటలుగా వస్తాయి. మీరు ముందుగా ఫోన్ చేసి ఒకరి కొలత అడిగి, ఒక కొత్త చొక్కా తీసుకెళ్ళండి. మడత విప్పకండి. దాన్ని విప్పాల్సిన రోజు వేరే ఉంది.