పంతులమ్మ ఈతచాప

మా పంతులమ్మ పోయిందని మొన్న ఆదివారం పొద్దున కోదాడ నుంచి ఆమె మేనల్లుడు ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయిందట. బాధేమీ పడలేదు కదా అని అడిగాను. "లేదండీ. ముందురోజు సాయంత్రం కూడా, కళ్ళు లేని వానపాముకు వెలుతురెట్లా తెలుస్తుందిరా అని నన్ను వేపుకు తిన్నది" అన్నాడు. ఏడుపు రావలసిన చోట నాకు ముందు నవ్వొచ్చింది.

ఆమె మా సూర్యాపేట ఆడపిల్లల బడికి వచ్చేటప్పటికి నేను మూడో తరగతి. నలభై ఎనిమిదిలో రజాకార్ల గడబిడలకు మూతపడిన బడిని అప్పుడే మళ్ళీ తెరిచారు. ఉర్దూ పాఠాలు పోయి తెలుగు పాఠాలు వస్తున్నాయి గానీ పుస్తకాలింకా రాలేదు. పంతులమ్మ పడుచుపిల్ల. ఆంధ్ర పొలిమేరలోని కోదాడ మనిషి కాబట్టి మేము "ఉంటది" అనే చోట "ఉంటుంది" అనేది. మేము మూతికి చేతులడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం.

వచ్చిన కొద్దిరోజులకే తరగతి గోడకు ఒక ఈతచాప వేలాడదీసింది. గుండుసూదులు ఎక్కడ దొరుకుతాయి? తుమ్మముళ్ళు ఏరుకు రమ్మంది. "మీకు తెలియనిది ఏదైనా తెచ్చి దీనికి గుచ్చండి. తెలిసింది నాకక్కర్లేదు" అంది.

పాము కుబుసం వచ్చింది. సగం కట్టిన గిజిగాడి గూడు వచ్చింది. ఎర్రమట్టి, నల్లరేగడి పొట్లాలు వచ్చాయి. ఒకసారి చాప మీద మా బజారంతా పెట్టించింది. దూదేకుల ఇంటి దగ్గర దూదిపింజ, దర్జీ కొట్టు దగ్గర గుడ్డపీలిక, కిరాణం దగ్గర ఎండుమిరపకాయ. చదవడం రాని పిల్ల కూడా వేలు పెట్టి బజారంతా తిరిగి రావచ్చు. ఏదైనా అడిగితే చాలాసార్లు ఆమె ఇచ్చే జవాబు ఒకటే. "నాకూ తెలీదే. కనుక్కుందాం పద."

ఈ మాటే మా నాయనకు నచ్చలేదు. బడికెదురుగా మాది ధాన్యం దుకాణం. ఒకరోజు వీధి దాటి వచ్చి, "పంతులమ్మా, మీకే తెల్వదంటే మా పిల్లకేం జెప్తరు?" అని నిలదీశాడు. ఆమె నొచ్చుకోలేదు. "ఎట్లా కనుక్కోవాలో చెప్తానండీ" అంది. నాయన పెద్దపంతులు దగ్గరికి పోయాడు. పెద్దపంతులు వచ్చి చాప చూసి, "ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చేదున్నది. గీ చెత్త తరగతి గోడకు ఉండొద్దు" అన్నాడు.

"తరగతి గోడకే కదండీ?" అని అడిగి, ఆ సాయంత్రమే చాపను తీసుకెళ్ళి వీధివైపు గోడకు, చూరు కింద కట్టింది. అప్పటినుంచి దారిన పోయేవాళ్ళు ఆగి చూడడం మొదలైంది.

మా తరగతిలో లచ్చిమి అనే పిల్ల ఉండేది. ఆత్మకూరు వాళ్ళది. ఆ గడబిడల్లో ఊరిమీద దాడి జరిగిన సాయంత్రం ఎవరు ఎటు పరుగెత్తారో తెలియదు. మేనత్త చెయ్యి పట్టుకుని ఈమె సూర్యాపేట చేరింది. చంటివాణ్ణెత్తుకున్న తల్లి ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. లచ్చిమి ఎవరితోనూ మాట్లాడేది కాదు. అట్లాంటి పిల్ల ఒకనాడు బెల్లం పొట్లం కాగితం మీద బొగ్గుతో ముగ్గు వేసి తెచ్చింది. చుట్టూ మెలికలు, నడుమ చిలుక.

"మా అమ్మ ఏస్తది. సిలుకకు రెండు తోకలు ఎందుకో తెల్వదు" అంది.

"నాకూ తెలీదే. వేసినావిడనే అడగాలి. ఎక్కడుంటుంది?"

"అది గూడ తెల్వదు."

పంతులమ్మ ఆ కాగితాన్ని వీధిలో పోయేవాళ్ళ కంటికి సరిగ్గా ఎదురుగా గుచ్చింది.

ఎండలు ముదరకముందే ఒకరోజు మా దుకాణంలో వడ్లు దించిన వేములపల్లి బండాయన చాప ముందు నిలబడిపోయాడు. నాయన పిలిచినా కదలలేదు. చివరికి నాయనే అతన్ని వెంటబెట్టుకుని మా తరగతి గుమ్మంలోకొచ్చి, "పంతులమ్మా, గీయన మాట జర ఇనుర్రి" అన్నాడు.

"గీ సిలుక మా దిక్కు ఒక గుడిసె ముంగట ఉంటదమ్మా. నాట్లకొచ్చిన కూలోళ్ళ గుడిసె. నా ఎడ్లు తొక్కుతయని రోజూ బండి పక్కకు మలుపుత" అన్నాడతను.

లచ్చిమి లేచి నిలబడింది. పంతులమ్మ దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, "మీ అమ్మేనని నేననను, కాదనీ అనను. కనుక్కునే దాకా ఇద్దరం ఓపిక పడదాం" అంది. బండాయనతో కబురు పంపారు. ఆ రోజుల్లో పంతులమ్మ పాఠం మధ్యలో ఆగి వీధివైపు చూడడం మాకందరికీ తెలుసు.

కొన్నాళ్ళకు అదే బండి మీంచి, చంటివాణ్ణి చంకనేసుకుని ఒక ఆడమనిషి దిగింది. లచ్చిమి పరుగెత్తలేదు. మెల్లగా నడిచి వెళ్ళి ఆమె చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. ఇద్దరి ఏడుపూ తగ్గేదాకా పంతులమ్మ ఊరుకుంది. ఆ తర్వాత ఉండబట్టలేక అడిగేసింది. "అమ్మా, ఆ చిలుకకు రెండు తోకలెందుకు?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఓపారి సెయ్యి జారి రెండు పడ్డయి. సెరపబోతే గీ పిల్ల మంచిగున్నది ఉండనియ్యి అన్నది. గప్పటిసంది గట్లనే ఏస్తున్న. ఏస్తుంటే పిల్ల పక్కనే ఉన్నట్టుంటది."

మర్నాడు మా నాయన ఒక గింజ తెచ్చి, ఎట్లా గుచ్చాలో తెలియక నా చేతికిచ్చాడు. "తెల్లబియ్యంల గీ ఎర్రగింజ యాడికెల్లి వస్తదో అడుగు మీ పంతులమ్మను" అన్నాడు.

పెళ్ళై మిర్యాలగూడ వచ్చాక నేనూ పంతులమ్మగా బడిలో చేరాను. కోదాడ పోయినప్పుడల్లా ఆమెను చూసొచ్చేదాన్ని. పోయిన ఎండాకాలం వెళ్తే వాకిలి తలుపు బార్లా తీసి ఉంది. దొంగలు పడతారు పంతులమ్మా అన్నాను. నోటిమీద వేలు పెట్టి సైగ చేసింది. తలుపు తాళం రంధ్రంలో ఒక పురుగు మట్టి తెచ్చి గూడు కట్టుకుంటోంది. అది పూర్తయ్యేదాకా తాళం వెయ్యదట. "ఇక్కడే ఎందుకు కడుతోందంటావు?" అని చిన్నగా అడిగి, నడుం పట్టుకుని మళ్ళీ వంగింది. ముక్కు తలుపుకు ఆనేంత దగ్గరగా పెట్టి, ఊపిరి తగలకుండా కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది.