సుబ్బరామయ్యగారి గొడుగు లెక్క

సుబ్బరామయ్యగారితో ఏ మాట చెప్పినా ఆయన తిరిగి అడిగే ప్రశ్న ఒకటే: "ఎక్కడ నిలబడి చూస్తే?"

యూసుఫ్‌గూడలో ఒక మిఠాయి దుకాణం పైఅంతస్తుల్లో ఉన్న ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆయన ఫిజిక్సు చెబుతారు. నేను కెమిస్ట్రీ. సాపేక్ష వేగం పాఠమంటే ఆయనకు ప్రాణం. కదిలే రైల్లోంచి చూస్తే చెట్లు వెనక్కి పరిగెడతాయి కాబట్టి, దేని వేగమైనా చెప్పే ముందు ఎవరు, ఎక్కడి నుంచి చూస్తున్నారో చెప్పి తీరాలి. ఇదీ ఆ పాఠం. పిల్లలు దాన్ని పరీక్ష దాకా మోసి అక్కడ దించేస్తారు. ఆయన ఎక్కడా దించలేదు.

"మీకు పొట్ట వచ్చిందండీ" అని ఆయన భార్య భువనగారు ఒకరోజు అన్నారు.

"ఎక్కడ నిలబడి చూస్తే?"

"పక్క నుంచి చూస్తే."

ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో ఆవిడకు ఎదురుగా తప్ప నిలబడలేదు.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ మా స్కూటర్ ఆపాడు. వెనక నేనున్నాను. "రాంగ్ రూట్ల వస్తున్నవ్ సార్" అన్నాడు.

"ఎక్కడ నిలబడి చూస్తే?"

"గీడ నిలబడి చూస్తే. జర బండి పక్కకు పెట్టు."

సుబ్బరామయ్యగారి మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళకు ఒక్కడైనా సూటిగా జవాబు చెప్పాడని కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని ఊపేశారు. అతను కంగారుపడి, నోరు వాసన చూసి గాని మమ్మల్ని వదల్లేదు.

ప్రశ్నతో ఊరుకుంటే బాగానే ఉండేది. జవాబు వెతుక్కుంటూ ఆయనే వెళ్ళి అక్కడ నిలబడేవారు. "నాకు ఫ్యాను గాలి రావడం లేదండీ" అని స్టాఫ్ రూములో నేనంటే, నన్ను లేపి నా కుర్చీలో కూర్చున్నారు. పీరియడంతా కూర్చుని, "నిజమే, రావడం లేదు" అని ఒప్పుకున్నారు. మర్నాడు వెళ్ళి చూస్తే మా కుర్చీలు తారుమారై ఉన్నాయి. ఫ్యాను కింద నాది, మూలన ఆయనది.

కిందటేడు యూనిట్ టెస్టులో ఆయన ఎప్పటిలాగే గొడుగు లెక్క ఇచ్చారు. వాన నిలువుగా పడుతోంది. నడిచే మనిషి తడవకుండా ఉండాలంటే గొడుగు ఎటు పట్టుకోవాలి? ముందుకు వంచి పట్టుకోవాలన్నది జవాబు. నడిచేవాడికి వాన ఎదురుగా, ఏటవాలుగా వచ్చినట్టు ఉంటుంది గనక. నవత అనే అమ్మాయి మాత్రం 'నిటారుగా' అని రాసింది. తర్వాతి టెస్టులోనూ అదే రాసింది. ఆయన మళ్ళీ చెప్పారు. మళ్ళీ అదే రాసింది.

ఆ వారం స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ సత్యలక్ష్మిగారు, పరీక్ష తప్పేలా ఉన్నవాళ్ళకు టీసీ ఇచ్చి ప్రైవేటుగా రాసుకోమని చెప్పేద్దామన్నారు. కాలేజీ రిజల్టు చెడకూడదు. మొదట వచ్చిన పేరు నవతది.

"ఆ అమ్మాయి చాలా స్లో" అన్నారావిడ.

"ఎక్కడ నిలబడి చూస్తే మేడం?"

అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. "ఈ కుర్చీలో కూర్చుని చూస్తే, సుబ్బరామయ్యగారూ. ప్రతిదానికీ ఈ జోకేనా? సోమవారం వాళ్ళమ్మను రమ్మన్నాను."

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. అది జోకని ఆయనకు అంతవరకూ ఎవరూ చెప్పినట్టు లేదు.

సాయంత్రం నవతను స్టాఫ్ రూముకు పిలిచారు. నేనూ అక్కడే ఉన్నాను. సన్నగా, తల వంచుకుని నిలబడే పిల్ల. కృష్ణానగర్‌లో ఉంటారు. తల్లి ఎల్లమ్మ షూటింగుల్లో హీరోయిన్ల దగ్గర పనికి వెళుతుంది.

"గొడుగు నిటారుగా ఎందుకు పట్టుకోవాలమ్మా?"

"తప్పయింది సార్."

"తప్పు సంగతి తర్వాత. ఎందుకనిపించింది?"

ఆ పిల్ల నేల వంక చూస్తూ చెప్పింది. "సెలవు రోజుల్ల అమ్మతోటి నేను గూడ షూటింగ్‌కు పోత సార్. హీరోయిన్ మేడంకు గొడుగు పడత. వాన సీను ఉంటే షాట్ రెడీ అయ్యేదాక తడవద్దు కదా. నిటారుగ పట్టకుంటే తిడ్తరు."

"మరి ఆవిడ నడిచేటప్పుడు?"

"ఆమె నడిస్తే షాట్ మొదలైనట్టే సార్. అప్పుడు మమ్మల్ని పక్కకు జరగమంటరు. నేను నిలబడ్డోళ్ళకే పట్టిన. నడిచేటోళ్ళకు ఎన్నడు పట్టలే."

సుబ్బరామయ్యగారు నావైపు తిరిగారు. "విన్నారా? నిలబడ్డ మనిషికి నిటారే కదండీ! ఈ పిల్ల లెక్క సగం కరెక్టుగా చేసింది. సున్నా వేశాను నేను."

ఆదివారం పొద్దున్నే, నవత, ఎల్లమ్మ పనికి వెళ్ళిన షూటింగు కనుక్కుని, నన్ను వెంటబెట్టుకుని ఫిల్మ్‌నగర్ వెళ్ళారు. ఒక బంగళా ముందు రోడ్డు మీద వాన సీనుకు ఏర్పాట్లు జరుగుతున్నాయి. పైన కట్టిన పైపుల్లోంచి నీళ్ళు వదిలి సరిచూస్తున్నారు. తిరుమలేశ్ అనే ప్రొడక్షన్ మేనేజరు మాకు అడ్డం వచ్చాడు.

"ఎవరు సార్ మీరు?"

"లెక్చరర్‌నండీ."

"లెక్చరర్ క్యారెక్టరా? ఇయ్యాల ఆ సీన్ లేదు కదా!"

"క్యారెక్టర్ కాదండీ, నిజం లెక్చరర్‌ని."

తిరుమలేశ్ ఆయన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "గట్ల కనిపిస్తలేరు."

"ఎక్కడ నిలబడి..." అని ఆయన మొదలుపెట్టబోతే నేను చెయ్యి గిల్లాను. ఈలోగా ఎల్లమ్మ పరుగున వచ్చింది, వెనకాలే గొడుగుతో నవత. "మా పిల్ల సార్లన్నా! జర వాన కింద ఒక్కపారి నడుస్తరంట. హీరోయిన్ మేడం మేకప్ ఇంక కాలే కదా" అని బతిమాలింది. తిరుమలేశ్ సరేనన్నాడు. లెక్చరర్లు వానలో ఎందుకు నడవాలని అడగలేదు. సినిమాల్లో అంతకంటే వింతలు చూసి ఉంటాడు.

సుబ్బరామయ్యగారు నవత చేతిలోంచి గొడుగు తీసుకుని ఆ పిల్ల తల మీద నిటారుగా పట్టారు. "నువ్వు నడమ్మా. నేను పడతాను."

"వద్దు సార్" అని ఆ పిల్ల వెనక్కి జరిగింది. "మీరు నాకు పట్టుడేంది?"

"నువ్వు రాసిన జవాబే పడుతున్నాను. నడు."

నవత నడిచింది. పైపుల వాన సన్నగా, నిలువుగా పడుతోంది. నెమ్మదిగా నడిచినంతసేపూ బాగానే ఉంది. "గబగబా" అన్నారాయన. ఆ పిల్ల వేగం పెంచింది. ఆయన పక్కనే గొడుగు వంగకుండా, తాను నిండా తడుస్తూ పరుగులాంటి నడక నడిచారు. నాలుగడుగులకే నవత మొహం మీద, మెడ కింద నీళ్ళు పడ్డాయి. గక్కున ఆగింది. ఆగగానే తడవడం ఆగింది. మళ్ళీ నడిచింది. మళ్ళీ తడిసింది.

"సార్! వాన ముంగట్నుంచి కొడ్తుంది!"

"పైపులు పైనున్నాయి కదమ్మా. ముందు నుంచి ఎలా కొడుతుంది?"

"నిలబడి చూస్తే పైనుంచే సార్. నడుసుకుంట చూస్తే ముంగట్నుంచి!"

ఆ పిల్లే గొడుగు లాక్కుని ముందుకు వంచింది. మెల్లగా నడిచి కొంచెం, ఉరికి ఇంకొంచెం వంచి చూసుకుంది. వాన కింద అటూ ఇటూ పరిగెడుతూ పెద్దగా నవ్వింది. ఎల్లమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడిపోయింది. ఎవరో మైకులో "ఆ గొడుగు లేని అంకుల్‌ని తీసేయండి" అన్నారు.

సోమవారం సుబ్బరామయ్యగారు మెడకు మఫ్లర్ చుట్టుకుని, గొంతు పోయి కాలేజీకి వచ్చారు. నేనూ ఆయన వెంట వెళ్ళేసరికి ప్రిన్సిపాల్ గదిలో టీసీ సిద్ధంగా ఉంది. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ఎల్లమ్మ ఆయన్ను చూసి లేచి నిలబడింది. పక్కన నవత.

"మేడం, ఒక్కసారి ఈ స్టూలు మీద కూర్చుంటారా?" అన్నారాయన బొంగురు గొంతుతో.

"మళ్ళీ మొదలెట్టారా?"

"జోకు కాదు మేడం. ఒక్కసారి."

ఆ గొంతు విని జాలిపడ్డారో ఏమో, ఆవిడ లేచి వచ్చి కూర్చున్నారు. ప్రిన్సిపాల్ కుర్చీ వెనక గోడంతా ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలు.

"ఏం కనిపిస్తోంది మేడం?"

"మన ర్యాంకర్లు."

"ఆ స్టూలు మీద కూర్చున్న ప్రతి తల్లికీ అవే కనిపిస్తాయి. తన బిడ్డ అక్కడ లేదని కనిపిస్తుంది. మీ కుర్చీలో కూర్చుంటే ఆ తల్లే కనిపిస్తుంది, గోడ కనిపించదు."

సత్యలక్ష్మిగారు అక్కడే కూర్చుని చాలాసేపు గోడ వంక చూశారు. తర్వాత నవతకేసి తిరిగారు.

"వాన నిలువుగా పడుతోందమ్మా. గొడుగు ఎటు పట్టుకోవాలి?"

నవత తల ఎత్తింది. "ఆ మనిషి నిలబడ్డదా, నడుస్తుందా మేడం?"

ఆవిడ నోరు తెరిచేలోగా నవతే చెప్పింది. "నిలబడితే నిటారుగ. నడిస్తే ముంగటికి. ఉరికితే ఇంక ముంగటికి. వాన ఎంత మెల్లగ పడితే అంత ఎక్కువ వంచాలె."

చివరి మాట సుబ్బరామయ్యగారు చెప్పింది కాదు. ఆ పిల్ల తనంతట తాను పట్టుకున్నది. ఆయన మఫ్లర్‌లో మొహం దాచుకున్నారు. సత్యలక్ష్మిగారు లేచి టీసీని రెండుగా చింపి, "అటెండెన్స్ తగ్గకూడదు" అని మాత్రం అన్నారు.

నవత మా కాలేజీ నుంచే పరీక్ష రాసి పాసైంది. ర్యాంకు రాలేదు. ఫిజిక్సులో మాత్రం మేమెవరం ఊహించని మార్కులు వచ్చాయి. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

మొన్నటి మీటింగులో సుహాస్ అనే కుర్రాడి మాట వచ్చింది. మొదటి పీరియడుకు ఏనాడూ రాడు. వట్టి బద్ధకస్తుడని అందరూ తేల్చేశారు. సత్యలక్ష్మిగారు పెన్ను మూసి, "వాళ్ళిల్లెక్కడ?" అని అడిగారు.

"ఎర్రగడ్డ మార్కెట్ వెనకాల మేడం."

"రేపు తెల్లవారగానే వెళ్దాం. ఆ టైములో ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చూడాలి. ప్రసాద్‌గారూ," అని నావైపు తిరిగి, "మీరూ రండి. సుబ్బరామయ్యగారూ, మీరూనూ."

తెల్లారి ముగ్గురం ఒకే ఆటోలో ఇరుక్కున్నాం. మార్కెట్ దగ్గర కూరగాయల లారీలు అడ్డం వచ్చి ఆటో ఆగిపోతే, మా మేడం చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో దిగి ముందు నడిచారు. సుబ్బరామయ్యగారు టమాటా గంపలకేసి చూస్తూ వెనక నడిచారు. ఆయన భుజాలు మాత్రం నవ్వుతో కదులుతున్నాయి.