ఊదుబత్తి ఆరేదాకా

నా చిన్నప్పుడు ఒక మనిషిని చూసి కుళ్లుకున్నంతగా మళ్లీ ఎవరినీ చూసి కుళ్లుకోలేదు. ఇంత వయసు వచ్చింది. తోటికోడళ్ల నగలు చూశాను, భూములు అమ్ముకుని కార్లెక్కినవాళ్లను చూశాను, పక్కింటివాళ్లు మా మేడ కంటే ఎత్తుగా మేడ కట్టుకుంటే అదీ చూశాను. అవన్నీ ఆ కుళ్లు ముందు ఎంత. ఆ మనిషి ఒక బైరాగి. ఒంటి మీద బూడిద, చేతిలో చిలుం తప్ప ఆయన దగ్గర ఏమీ లేదు. అయినా మా చిన్నాయినను నా దగ్గర్నుంచి లాగేసుకున్నాడు.

చిన్నాయిన అంటే మా బాపు తమ్ముడు. మాది శామీర్‌పేట. చెరువుకు ఇవతల చిన్న గుట్ట, దాని మీద మంచాలు వేసుకుని పడుకోదగినంత వెడల్పైన బండ ఉండేది. తెల్లవారుజామున బర్రెల పాలు పిండి, ఇళ్లకు పాలు పోసి వచ్చాక చిన్నాయిన ఆ బండ మీద ఆసనాలు వేసేవాడు. ఆయన వెనక నేను. ఇంట్లో ఇంతమంది పిల్లలం ఉంటే నన్నొక్కదాన్నే తీసుకుపోయేవాడు. ఆ సంగతి రోజూ మా అక్కకు వినబడేట్టు ఎవరో ఒకరితో చెప్పేదాన్ని. ఆయన తలకిందులుగా నిలబడితే పాదాలు పట్టుకునేది నేను. పద్మాసనంలో నా కాలు జారితే సర్దేది ఆయన. అంతకు మించి నాకు లోకం లేదు.

ఆసనాలయ్యాక ధ్యానం. దానికి మా అవ్వ పెట్టిన కొలత ఒకటి ఉండేది. చిన్నాయిన పిల్లవాడుగా ఉన్నప్పుడు ఒక్కచోట నిలిచేవాడు కాదట. అవ్వ కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఊదుబత్తి వెలిగించి, అది ఆరేదాకా కదలకపోతేనే బెల్లం గడ్డ ఇచ్చేదట. ఆ అలవాటే పెద్దయ్యాక ఆయనకు యోగమైంది. బండ నెర్రెలో ఊదుబత్తి గుచ్చి ఇద్దరం ఎదురెదురుగా కళ్లు మూసుకునేవాళ్లం. వాసన పూర్తిగా పోయాక తెరిచేవాళ్లం. ఊదుబత్తి తెచ్చే పని నాది, ఇంకెవరినీ ముట్టనిచ్చేదాన్ని కాదు.

శివరాత్రి దగ్గరపడుతున్న రోజుల్లో ఆ బైరాగి వచ్చాడు. ఏదో జాతరకు పోతూ దారిలో మా బండ మీద దిగాడు. మా బండ మీద. ఆయనకూ ఆసనాలు వచ్చు. చిన్నాయిన కంటే బాగా వచ్చు, అదే నా కడుపుమంట. రెండు కాళ్లూ తీసి మెడ వెనక పెట్టుకుంటే చిన్నాయిన నోరు తెరుచుకుని చూశాడు. నా వైపు ఆయన ఎప్పుడైనా అట్లా చూశాడా అని ఆలోచించాను. చూడలేదు.

తర్వాత బైరాగి చిలుంలో గంజాయి నింపి, తడిగుడ్డ చుట్టి, రెండు చేతులతో పట్టుకుని దమ్ము లాగాడు. ఇది శివుడి ప్రసాదం, ఒక్క దమ్ము లాగి కూర్చుంటే మనసు దానంతట అదే నిలుస్తుందని సగం హిందీలో, సగం తెలుగులో చెప్పాడు. చిన్నాయిన అందుకున్నాడు. పొగ తాకుతది బిడ్డా, అవుతల గూసో, అని నన్ను దూరంగా పంపాడు. అక్కడ కూర్చుని నేను ఆ చిలుంనే చూశాను. దాన్ని ఎంత భద్రంగా పట్టుకున్నాడో! గుట్ట ఎక్కేటప్పుడు నా చెయ్యి కూడా అంత భద్రంగా పట్టుకోలేదు.

బైరాగి జాతర మాట మరిచి మా బండ మీదే ఉండిపోయాడు. మర్నాటి నుంచి అదే వరుస. ముందు దమ్ము, తర్వాత ఆసనాలు, తర్వాత ధ్యానం. నేను ఊదుబత్తి తీస్తే, ధ్యానానికి కొలతేంది బిడ్డా, అని చిన్నాయిన నవ్వాడు. ఆ నవ్వు కూడా బైరాగి నవ్వులాగే ఉంది. నా ఒళ్లు మండిపోయింది. ఆ బైరాగి గడ్డానికి నిప్పంటుకోవాలని, ఆ చిలుం జారి బండ మీద పడి పగలాలని, మనసారా కోరుకున్నాను. చిలుం పగల్లేదు. గడ్డం నిక్షేపంగా ఉంది. ఊదుబత్తులు నా లంగా మడతలో వంగిపోయాయి.

ఇంట్లో బర్రెలు పొద్దెక్కేదాకా అరుస్తున్నాయి. పాలు ఆలస్యమవుతున్నాయని ఊళ్లోవాళ్లు గుమ్మం ముందుకు వచ్చి అడుగుతున్నారు. చిన్నాయిన మాత్రం ఎవరేమన్నా చిరునవ్వే. నేను పోయి అవ్వ ఒళ్లో పడి ఏడ్చాను. వాళ్లు కూసునేది గింత సేపే అవ్వా, లేచి మాత్రం పొద్దంత కూసున్నమని చెప్పుకుంటరు, అన్నాను. అవ్వ నా జడ విప్పి మళ్లీ అల్లింది.

శివరాత్రి వెళ్లగానే చిన్నాయిన ఇంట్లో అసలు మాట చెప్పాడు. తనకు సమాధి కుదిరిందని స్వామే అన్నాడట. గంటలకు గంటలు కదలకుండా కూర్చోగలుగుతున్నాడట. రేపు ఆయన వెంట ఉత్తరానికి పోతాడట, మళ్లీ వస్తాడో రాడో. బాపు పలుపుతాడు అందుకున్నాడు. మా అమ్మ తలుపు పట్టుకుని ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు. నన్ను కూడా తీసుకుపోతానని ఒక్క మాటైనా అంటాడేమో అని ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. ఆయన నన్ను చూడనేలేదు.

అవ్వ బాపు చేతిలోంచి తాడు తీసి పక్కన పెట్టింది.

"పో కొడుకా, నేను ఆపుతనా. గని పొయ్యేముందు ఒక్క ఊదుబత్తి ఆరేదాకా నా ముందట కూసో. చిన్నప్పుడు నేనే కూసోబెట్టిన గద. నీ సమాధి నేను గూడ సూస్త."

దమ్ము కొట్టకుండా కూర్చోమంటుందేమోనని చిన్నాయిన నసిగాడు. అవ్వ, నీ స్వామి ఎట్ల చెప్పిండో గట్లనే కూసో, అంది. బాపు తల పట్టుకున్నాడు.

మర్నాడు ఎండ వాకిట్లోకి దిగాక చిన్నాయిన కొట్టం వెనక్కి పోయి, దమ్ము కొట్టి, తేలికగా అడుగులు వేసుకుంటూ వచ్చి కూర్చున్నాడు. అవ్వ ఊదుబత్తి వెలిగించి మట్టి ముద్దలో గుచ్చింది. నన్ను పిలిచి, నువ్వు గూడ కూసో, అని ఆయనకు ఎదురుగా కూర్చోబెట్టింది. ఇన్నాళ్లకు మళ్లీ మా ఇద్దరి మధ్య ఊదుబత్తి. ఈ ఒక్కసారి ఆయన కంటే బాగా కూర్చుంటే, నన్ను వదిలి ఎట్లా పోతాడో చూడాలనుకున్నాను. కుడికన్ను మూశాను. ఎడమకన్ను రెప్ప సందులోంచి ఆయన్ను చూస్తూ ఉన్నాను. ఎంత ప్రశాంతంగా ఉందో ఆ మొహం. నేను లేకుండా కూడా అంత ప్రశాంతంగా ఉండగలడని తెలిసి ఇంకా మండింది.

కాసేపటికే చిన్నాయిన మెల్లగా కళ్లు తెరిచాడు. ఎక్కడో దూరం నుంచి తిరిగొచ్చినవాడిలా నవ్వాడు.

"పొద్దు నడినెత్తికొచ్చిందా అమ్మా? చాన సేపైంది గద. ఊదుబత్తి ఎప్పుడో ఆరిపొయ్యుంటది."

అవ్వ గడ్డంతో ఊదుబత్తి వైపు చూపించింది. దాని కొసన గోరంత బూడిద నిలిచి ఉంది. కింద పుల్ల మొత్తం అట్లాగే ఉంది.

చిన్నాయిన దాన్ని చూస్తూ ఉండిపోయాడు. మార్చినవా అమ్మా, అన్నాడు. నేనెందుకు మారుస్త, ఈడనే ఉన్న గద, అంది అవ్వ. ఆయన నా వైపు తిరిగాడు. ఇన్నాళ్లకు నా వైపు చూశాడు. నిజమేనా బిడ్డా, అని అడిగాడు. ఇప్పుడే గద చిన్నాయినా కూసున్నం, అన్నాను. అబద్ధం చెప్పే అవసరమే రాలేదు. అంత తియ్యటి నిజం నా నోటితో మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన కొట్టం నీడ చూశాడు. నీడ జరగలేదు. బండ మీద తాను గంటలనుకున్నవన్నీ ఎంతో అప్పుడు తెలిసి ఉంటుంది. మొహం పాలిపోయింది. చిన్నాయిన లేవలేదు. ఆ పుల్ల చివరిదాకా కాలి ఆరేవరకూ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆరాక లేచి, చెంబు తీసుకుని బర్రెల దగ్గరికి పోయాడు.

నేను అవ్వ మెడకు వేలాడాను. మొత్తం కూసున్న అవ్వా, నేనే గెలిచిన, అన్నాను. అవ్వ బూడిద ఊడుస్తూ తలెత్తకుండానే అంది.

"నువ్వు కూసున్నవా? నీ కన్ను ఒకటి మీ చిన్నాయిన మీదనే ఉండె. వానికి గంజాయి ఎక్కింది, నీకు కుళ్లు ఎక్కింది. ఇద్దరిల ఒక్కరు గూడ కూసోలె."

నాకు ఉక్రోషం తన్నుకొచ్చింది. చిన్నాయినను ఏమీ అనని మనిషి నన్ను మాత్రం అంటుందా అని కాళ్లు నేలకేసి కొట్టి ఏడ్చాను. అవ్వ ఏడవనిచ్చింది. తర్వాత బెల్లం గడ్డ పగలగొట్టి, సగం నాకు ఇచ్చి, సగం ఆయనకు ఇచ్చి రమ్మంది. కొట్టంలో చిన్నాయిన బర్రె పొట్టకు తల ఆనించి పాలు పిండుతున్నాడు. బెల్లం నోట్లో పెడితే తిన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

బైరాగి ఒక్కడే పోయాడు. చిన్నాయిన ఆయనకు చెంబు నిండా పాలు ఇచ్చి, కాళ్లకు మొక్కి పంపాడు. పోతూ పోతూ బైరాగి నా తల మీద చెయ్యి పెట్టి దీవించాడు, అది కూడా నాకు నచ్చలేదు. చిన్నాయినకు మునుపటిలా కూర్చోవడం చాలా రోజులు కుదరలేదు. మధ్యలోనే కళ్లు తెరిచి సిగ్గుపడేవాడు. ఒక పొద్దున తనే వచ్చి, ఊదుబత్తి తెస్తవా బిడ్డా, అని అడిగాడు. పరిగెత్తాను. కొన్నాళ్లకు ఊళ్లో పిల్లలంతా ఆ బండ ఎక్కి నేర్చుకోవడం మొదలుపెట్టారు, వాళ్లందరినీ చూసి మళ్లీ కుళ్లుకున్నాను. ఒక్క పూటలో పోయే జబ్బా అది.

ఇప్పుడు ఆ బండ ఎవరిదో ఫామ్‌హౌస్ గోడ లోపల ఉంది. మొన్న ఆదివారం నా మనవరాలు, నా బిడ్డ కూతురు, అట్లాంటి ఫామ్‌హౌస్ నుంచే నేరుగా నా దగ్గరికి వచ్చింది. సిటీలో ఉద్యోగం చేస్తుంది, నా దగ్గర ఏదీ దాచదు. అక్కడ ఒక మేడమ్ ముందు గంజాయి తాగించి తర్వాత యోగా చేయిస్తుందట. ఆ మత్తు దీని కళ్లల్లో ఇంకా దిగలేదు. ఆ మేడమ్ మాట, ఆ మేడమ్ నడక, ఆ మేడమ్ కూర్చునే తీరు, ఒకటే పొగడ్త. పోలీసులు పట్టుకుంటే ఏం గతి అని భయం ఒక పక్క. కానీ నిజం చెప్పాలి, భయం కంటే ముందు కుళ్లే లేచింది. దీనికి పద్మాసనం నా ఒళ్లో వచ్చింది. జారిన కాలు సర్దింది నేను.

తిట్టలేదు. దేవుడి గూట్లోంచి ఊదుబత్తి తీసి వెలిగించాను. ఇది ఆరేదాకా నా ముందట కూసో బిడ్డా, అన్నాను. నవ్వి కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఎప్పుడు కళ్లు తెరుస్తుందో, ఎంతసేపైందంటుందో చూడాలని నా ఎడమకన్ను రెప్ప కొట్టుకుంది. అవ్వ బూడిద ఊడుస్తున్నట్టు అనిపించింది. రెండు కళ్లూ గట్టిగా మూసుకున్నాను.

వాసన పూర్తిగా పోయాక తెరిచాను. మనవరాలు ఆరిపోయిన పుల్లనే చూస్తోంది. నవ్వు లేదు.

"నేను ఎప్పుడో తెరిచిన అమ్మమ్మా. ఇగ ఆరిపోయి ఉంటదనుకున్న, సూస్తే గప్పటికి కొసనే కాలింది. నువ్వు సూడలేదా?"

చూడలేదు బిడ్డా, అన్నాను. నిజంగానే చూడలేదు. లేచి బెల్లం గడ్డ పగలగొట్టి, సగం దానికిచ్చి, మిగతా సగం నేను నోట్లో వేసుకున్నాను.