మతం అన్న గడిలో ఏం రాయాలి

మా చెల్లెలు రత్నం రాసిన ఉత్తరంలో రెండే సంగతులున్నాయి. మేనకోడలు గ్రేసుకి నర్సింగు కాలేజీ సీటు కోసం కులం సర్టిఫికెట్టు కావాలి. వాళ్ళ నాన్న పుట్టింది మా పార్వతీపురం దగ్గర కాబట్టి, ఇక్కడి మండలాఫీసు కాగితం పట్టుకుని నేనే భిలాయి రావాలి.

రత్నం భర్త అక్కడి ఉక్కు కర్మాగారంలో ఆపరేటరు. గేటు పాసులో అప్పలరాజు, చర్చిలో అబ్రహాం. నేనూ అంతే. సర్వీసు రిజిస్టరులో దాలయ్యని, చర్చిలో దానియేలుని. మావాళ్ళు క్రైస్తవులమని రాసిన రోజున ఎస్సీలు కాకుండా పోతారు, చట్టం అలా ఉంది. చర్చిలో ముందు బెంచీలవాళ్ళకి మాత్రం మేమెప్పటికీ ఊరవతలి పేటవాళ్ళమే. ఈ రెంటి మధ్యా ముప్ఫై ఏళ్ళుగా బడిపంతులు ఉద్యోగం చేసుకొస్తున్నాను.

తొమ్మిదింటికి రావలసిన రాయపూర్ పాసింజరు పదకొండూ ఇరవైకి వచ్చింది. నా సీటు కింద, పక్కన, ఆఖరికి నా ఒళ్ళో కూడా పనసకాయలే. "కాసింత కాళ్ళు ముడుసుకోండి మాస్టారూ, రాయగడలో దిగిపోతాను," అంది వాటి యజమానురాలు. రాయగడ వచ్చింది, ఆవిడ దిగలేదు. టిట్లాగఢ్‌లో కొన్న పూరీలు చల్లగా, టీ అంతకన్నా చల్లగా ఉన్నాయి. రాయపూర్ చేరేసరికి లోకలు బళ్ళన్నీ వెళ్ళిపోయాయి. వెయిటింగు రూములో నడుం వాల్చి, పొద్దున్నే మొదటి లోకలెక్కాను. భిలాయి వెళ్ళేవారికి ఒక్క మాట: సెక్టర్లకి వెళ్ళాలంటే పవర్ హౌస్ స్టేషన్లో దిగండి. నాలా దుర్గ్ దాకా పోయి వెనక్కి రాకండి.

సెక్టర్ ఏడులో వాళ్ళ క్వార్టరు చేరేసరికి తొమ్మిదయింది. ఆదివారం కావడంతో స్నానం చెయ్యగానే రుఆబాంధాలోని తెలుగు ఆరాధనకి బయలుదేరదీశారు. పాస్టరుగారు కేబుల్ టీవీని గంటసేపు తిట్టారు. ఇళ్ళలో సినిమా డాన్సులు, పిల్లల బట్టలు, పండగ చందాలు, అన్నీ అయ్యాయి. అంతసేపూ నా సంచిలో ఉన్న కాగితం లాంటిదాని గురించి ఒక్క ముక్క లేదు. ఎక్కడా ఉండదు. కానుకల సంచి మాత్రం రెండు పేర్లవాళ్ళ దగ్గర కూడా ఆగింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర గ్రేసు అసలు సంగతి బయటపెట్టింది. ఆ పిల్లకి హిందీ వచ్చినంత బాగా తెలుగు రాదు.

"మావయ్యా, ఆ ఫారంలో హిందూ అని నేను రాయను. ఝూఠ్ ఎందుకు రాయాలి?"

రత్నం గరిటె గిన్నెలో పడేసింది. "ఏటే? మీ బాబు రాసినప్పుడు తప్పు లేదు, మీ మావయ్య రాసినప్పుడు లేదు, నీకొచ్చిందేటి? రెండు రోజులు రైల్లో పడి వచ్చినాడు మనిసి!"

"మంచిదే రాయకపోవడం," అన్నాను విసుగ్గా. "సీటు పోతే ఎవరిస్తారు? పాస్టరుగారా?"

"పోతే పోనీ మావయ్యా. కులం పోయిందని సర్కారు అంటుంది. పోలేదని చర్చిలోవాళ్ళు అంటారు. నేనేటో నేనైనా సరిగ్గా చెప్పాలి కదా."

అప్పలరాజు లేచాడు. చెయ్యి కడుక్కుని సెకండు షిఫ్టుకి సైకిలు తీశాడు.

సోమవారం పదింటికి గ్రేసుని దుర్గ్ తహసీలు ఆఫీసుకి తీసుకెళ్ళాను. అక్కడికెళ్ళాక మెత్తబడుతుందని నా ఆశ. మినీబస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా నోరు విప్పలేదు. నేను విప్పాను. చదువు గురించి, ఉద్యోగం గురించి, వాళ్ళమ్మ బెంగ గురించి, నాకే విసుగు పుట్టేదాకా చెప్పాను.

రెండు గంటలు నిలబెట్టాక గుమాస్తా పిలిచాడు. చెడ్డవాడేమీ కాదు. నేను తెచ్చిన కాగితం చూసి తలూపి, ఫారం ముందుకి తోశాడు. గ్రేసు అన్ని గడులూ నింపింది. మతం అన్న చోట "ఈసాయీ" అని, అంటే క్రైస్తవురాలినని రాసింది.

ఆయన కళ్ళజోడు తీశాడు. "బేటీ, ఇలా రాస్తే నేను సర్టిఫికెట్టు ఇవ్వలేను. హిందూ అని రాసెయ్, బాత్ ఖతమ్."

"నహీఁ అంకుల్."

ఆయన నావైపు తిరిగాడు. "మీరెవరు?"

"మేనమామని."

"ఆప్ క్యా లిఖ్‌తే హైఁ?"

నేనేం రాస్తానని అడుగుతున్నాడు. నాకు రిటైర్మెంటు రెండేళ్ళలో ఉంది. దుర్గ్‌లోని ఆ గుమాస్తా పార్వతీపురం వచ్చి నా రిజిస్టరు తిప్పబోడని తెలుసు. అయినా నోరు దానంతట అదే అంది: "హిందూ."

"చూశావా?" అన్నాడాయన గ్రేసుతో, నవ్వుతూ. "మామా సమఝ్‌దార్ హైఁ, తెలివైనవారు."

గ్రేసు నావైపు చూడలేదు. ఫారం మడిచి, పదండి అన్నట్టు మెట్లు దిగింది. కింద బండి దగ్గర చెరుకురసం తాగుదామంటే వద్దనలేదు. గ్లాసు పట్టుకుని, "పర్లేదు మావయ్యా, మీకు పెన్షనుంది కదా," అంది. వెటకారం కాదు, నిజంగానే నన్ను ఓదార్చింది. తిట్టినా బాగుండేది.

రత్నం మర్నాడు నాకు దారిలోకి పులిహోర కట్టింది గానీ మాట్లాడలేదు. గ్రేసు మామూలు బీయస్సీలో చేరుతుందట. స్టేషనుకి అప్పలరాజు వచ్చాడు. రైలు కదులుతుంటే కిటికీ ఊచ పట్టుకుని, "దానికి నా పోలిక రాలేదు బావా," అన్నాడు. గర్వమో దుఃఖమో అతనికే తెలియాలి.

భిలాయి నుంచి మా ఊరిదాకా నేను తిట్టుకోని వాళ్ళు లేరు. చట్టాన్ని, చర్చిని, ఆ పాస్టరుని, గుమాస్తాని, మొండి పిల్లని. మహాసముంద్ దాటాక ఎదురుసీటు పెద్దాయన పేరడిగాడు. "దానియేలు," అన్నాను. కొత్తవాడికి ఆ పేరు చెప్పడం ముప్ఫై ఏళ్ళలో అదే మొదలు. ఆయన మంచిదన్నట్టు తలూపి కునుకులోకి జారిపోయాడు. రైల్లో అడిగేవాళ్ళు ఏ రిజిస్టరులోనూ రాసుకోరు.