డొమైన్ లెక్కలో నా తప్పు

లాలాగూడలో మా ఇంటి ముందుగదిలో ఇంటర్ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. నా నోటి దురుసు వీధి చివరి దాకా తెలుసు. దానికి తోడు, భిన్నంలో పైనా కిందా ఒకే ముక్క కనిపిస్తే కొట్టేయందే నా చెయ్యి ఊరుకోదు. పిల్లలకూ అదే అలవాటు చేశాను. నేను చాక్‌పీస్ ఎత్తగానే "కొట్టెయ్యండి మేడం!" అని అందరూ ఒక్కసారే అరుస్తారు.

ఆ రోజు వాళ్ల కాలేజీ టెస్టుకు ముందురోజు. బోర్డు మీద పైన ఎక్స్ స్క్వేర్ మైనస్ తొమ్మిది, కింద ఎక్స్ మైనస్ మూడు వేసి డొమైన్ అడిగాను. అంటే ఎక్స్ స్థానంలో ఏయే సంఖ్యలు పెట్టొచ్చో చెప్పాలి. పైదాన్ని ఎక్స్ మైనస్ మూడు, ఎక్స్ ప్లస్ మూడుగా విడగొట్టి, రెండు చోట్లా ఉన్న ఎక్స్ మైనస్ మూడును కొట్టేశాను. ఎక్స్ ప్లస్ మూడు మిగిలింది. ఏ సంఖ్యైనా పెట్టొచ్చని రాసేశాను.

వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. పదో తరగతి దాకా లెక్కలంటే వణికిన పిల్ల, అప్పుడప్పుడే నోరు విప్పుతోంది.

"మేడం, మూడు పెడితే కొట్టెయ్యక ముందున్న లెక్కల కింద సున్నా అయితది గదా? మూడు పెట్టొద్దేమో."

"ఏందీ, ఇగ పాఠం నువ్వే చెప్తవా? రా, చాక్‌పీస్ తీస్కో," అన్నాను. గదంతా నవ్వింది. ఆమె చెయ్యి దించేసింది.

దగ్గర్లోని రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగి, పిల్లలు వెళ్లాక, బోర్డు తుడవబోయి ఆగిపోయాను. ఆమె చెప్పిందే నిజం. సున్నాతో భాగించడం కుదరదు కాబట్టి, కింద సున్నా తెచ్చే సంఖ్యను కొట్టేయకముందే పక్కన పెట్టాలి. వాళ్లమ్మ నంబరు నా ఫోన్‌లోనే ఉంది. ఒక్క మెసేజ్ చాలు. పదహారేళ్ల పిల్ల ముందు పలచనైపోతానని పెట్టలేదు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వారం తర్వాత ఆమె టెస్టు పేపరు తెచ్చి చూపించింది. అదే రకం లెక్క, మూడు బదులు ఐదు. ముందు 'ఐదు తప్ప అన్నీ' అని సరిగ్గానే రాసి, అడ్డంగా గీత గీసి, కింద నేను చెప్పిన పద్ధతిలో జవాబు రాసింది. దాని మీద ఎర్రగా ఇంటూ గుర్తు.

"మీరు మంచిగనే చెప్పిన్రు మేడం. నాకే సమజ్ కాలే. సారీ," అంది.

మిగతా పిల్లలు పుస్తకాలు తీస్తూ మావైపే చూస్తున్నారు.

"ఇంకోసారి జాగ్రత్తగ చూస్కో," అన్నాను.

ఆమె తలూపి వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.